పట్నం దారిలో లావణి పట్టాలు

(నగర శివారు మండలంలో జరిగిన భూమి సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ముందే ఒక మాట చెప్పుకోవాలి. పట్నం వద్దని చెప్పడానికి మేము యిక్కడికి రాలేదు. మన పిల్లలు తెల్లారకముందే బస్సెక్కి పోయేది పట్నానికే. సుతారి పనికి పోతున్నారు, రంగులేసే పనికి పోతున్నారు, అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తున్నారు, ఆస్పత్రుల్లో ఆయాలుగా చేస్తున్నారు. నలుగురు చదువుకొని ఆఫీసుల్లో కుర్చీ మీద కూడా కూర్చున్నారు. వూరి హోటల్లో మనకు గ్లాసు విడిగా పెట్టినోడే పట్నంలో మనం యెవరో తెలియక అందరికీ యిచ్చే గ్లాసులోనే చాయ్ పోస్తాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామ వ్యవస్థను యెట్ల ఎండగట్టాడో మనకు తెలుసు. కాబట్టి పట్నంలో బంగళాలున్న పెద్దలు “పచ్చని పల్లెను కాపాడాలి” అని పాట అందుకుంటే మేము వెంటనే చప్పట్లు కొట్టం. యే పల్లెను కాపాడమంటున్నారు? మంచినీళ్ల పైపు వాడ ముందర దాకా వచ్చి ఆగిపోయిన పల్లెనా?

భూమి సంగతి వేరు. వూరు మారొచ్చు, మారాలి కూడా. కాని ఆ మారే లెక్కలో యెవరి భూమి పోతున్నది? యెవరి భూమి ధర పెరుగుతున్నది? యెవరి భూమి పచ్చగానే వుండాలని పట్నం శాసిస్తున్నది? యివి అడగకుండా “అభివృద్ధికీ వ్యవసాయానికీ సమతూకం” అని మాట్లాడితే, తక్కెడ యెవరి చేతిలో వుందో దాచిపెట్టినట్టే.

మొదలు మ్యాపు సంగతి. హైదరాబాదు చుట్టూ యెక్కడ యేం కట్టాలో చెప్పడానికి 1975లో హుడా పుట్టింది. 2008లో అది హెచ్‌ఎండీఏగా మారి దాదాపు 7,200 చదరపు కిలోమీటర్ల మీద పెత్తనం సంపాదించింది. 2025లో దాని హద్దును రీజినల్ రింగు రోడ్డు దాకా జరిపారు, 10,400 చదరపు కిలోమీటర్లు దాటింది. అంటే రేపు పొద్దున మన దగ్గరికి కాదు, ఆల్రెడీ మన దగ్గరికి వచ్చేసింది. 2013 జనవరిలో, 2031 దాకా నడవాల్సిన మాస్టర్ ప్లాన్ ఖరారు చేశారు. ఆ మ్యాపులో ప్రతి సర్వే నంబరుకు ఒక రంగు వుంటది. యిది నివాస ప్రాంతం, యిది పట్నం అంచు ప్రాంతం, యిది కన్జర్వేషన్ జోన్. కన్జర్వేషన్ జోన్ అంటే సాగు భూమి సాగు భూమిగానే వుండాలని. దానికి తోడు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు, దాని వెంట అటు కిలోమీటరు, యిటు కిలోమీటరు గ్రోత్ కారిడార్.

ఆఫీసరుకు అది రంగు. మనకు బతుకు. ఒకే గెట్టుకు అటూ యిటూ వున్న రెండు చెలకల్లో ఒకదానికి నివాసం రంగు, యింకోదానికి కన్జర్వేషన్ రంగు పడితే, పడ్డ రోజే రెండింటి ధర వేరైపోతది. గీత గీసినోడు అక్కడ ఒక్క గింజ పండించలేదు, ఒక్క యిటుక పేర్చలేదు. అయినా ఒకరిని శ్రీమంతుణ్ని చేసిండు, ఒకరిని యెక్కడివాణ్ని అక్కడ నిలబెట్టిండు.

రంగు మార్చుకోవచ్చు గదా అంటారు. నిజమే. భూ వినియోగ మార్పిడి అని ఒక దారి వుంది. దరఖాస్తు పెట్టాలి, క్లియర్ టైటిల్ చూపించాలి, ప్లాన్ గీయించాలి, ఛార్జీలు కట్టాలి, యేళ్లకేళ్లు తిరగాలి. యివన్నీ చేయగలిగినోడికి ఆకుపచ్చ రంగు ఒక తాత్కాలిక రంగు. లావణి పట్టా వున్నోడికి టైటిలే లేదంటారు, అమ్ముకునే హక్కే లేదంటారు, యిక రంగు మార్చమని దరఖాస్తు యేమని పెడతాడు? వాడి భూమి పచ్చగానే వుంటది. యెప్పటిదాకా? సర్కారుకు ఆ భూమి కావాల్సి వచ్చేదాకా. ఆ రోజు రాత్రికి రాత్రే రంగు మారుతది, ఫీజు కూడా వుండదు.

పట్నం పచ్చదనాన్ని యెట్ల కాపాడుతదో 111 జీవో చూస్తే తెలుస్తది. 1908లో మూసీకి వచ్చిన వరద తర్వాత కట్టినవి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. ఆ నీళ్లు పాడు కాకుండా 1996 మార్చి 8న ఆ జీవో వచ్చింది. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల లోపల 84 వూళ్లు. కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రావద్దన్నారు. ఒక నూనె ఫ్యాక్టరీకి సర్కారు మినహాయింపు యిస్తే 2000లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. ఆ జీవో వెనకున్న ఆలోచన తప్పని మేము అనం. తాగే నీళ్లు కాపాడాల్సిందే. పాతబస్తీ పేదోళ్లు కూడా ఆ నీళ్లే తాగారు. కాని పట్నం నీళ్లు తాగడానికి 84 వూళ్లు తమ భూమిని కట్టేసుకుంటే, ఆ వూళ్లకు పట్నం యేమిచ్చింది? ఎకరానికి యింత అని యేటా యిచ్చిందా? ఆ వూళ్ల బడికి, దవాఖానకు నీటి పన్నులో వాటా పెట్టిందా? లేదు. చిన్న రైతు కొడుక్కి పెళ్లయితే యిల్లు పెంచుకోవడానికి పర్మిషన్ లేదన్నారు. అదే వూళ్లలో పది ఎకరాలకు ప్రహరీ గోడ కట్టి ఫాంహౌసు అని బోర్డు పెట్టినోళ్లకు రోడ్డు కూడా వచ్చింది. చివరికి 2022 ఏప్రిల్‌లో 69 జీవో తెచ్చి ఆంక్షలు సడలించారు. సడలించేనాటికి భూమి యెవరి పేరు మీద వుంది? అది అడగాల్సిన ప్రశ్న. ఇరవై ఆరేళ్లు బరువు మోసినోళ్లలో చాలామంది మధ్యలోనే చవకగా అమ్ముకొని దిగిపోయారు. బరువు దించే రోజున అక్కడ నిలబడి వున్నది యింకెవరో.

పట్నానికి పచ్చని భూమి కావాలంటే పట్నమే దానికి కిరాయి కట్టాలి. కన్జర్వేషన్ జోన్‌లో పెట్టిన ప్రతి ఎకరానికి యేటా సాగు చేసేటోడి పేరు మీద పైసలు రావాలి. లేఅవుట్లకు పర్మిషన్లిస్తూ వసూలు చేసే డెవలప్‌మెంట్ ఛార్జీల్లోంచే యివ్వొచ్చు. ఒకరికి గీత వల్ల కోట్లు కలిసొస్తున్నప్పుడు, అదే గీత వల్ల నష్టపోయినోడికి అందులోంచి యివ్వడంలో అన్యాయం యేముంది?

యిప్పుడు అసైన్డ్ భూమి. యిది మన భూమి, కాబట్టి కొంచెం నిదానంగా చెప్పుకుందాం.

సర్కారు పేదలకిచ్చిన భూమిని యెవరూ కొనొద్దు, యెవరూ అమ్మొద్దు అని 1977లో చట్టం చేశారు. 9వ నంబరు చట్టం. పీఓటీ చట్టం అంటారు. ఆ చట్టం మన మేలు కోసమే వచ్చింది. కొన్నోడి కొనుగోలు చెల్లదు. భూమిని వెనక్కి తీసుకొని మొదలు యెవరికి యిచ్చారో వాళ్లకే అప్పగించాలి, అది కుదరకపోతేనే సర్కారుకు పోవాలి. చదవడానికి బంగారం లాంటి చట్టం. మరి పట్నం దగ్గరికి రాగానే అది యెట్ల తిరగబడ్డదో చూడండి.

మొదలు బ్రోకరు వస్తాడు. “యిది యెట్లాగూ సర్కారుదే. రేపు రోడ్డుకో కంపెనీకో గుంజుకుంటరు. గుంజుకుంటే పైస రాదు. మేమిచ్చింది తీసుకో” అంటాడు. బిడ్డ పెళ్లో, దవాఖాన బిల్లో నెత్తిన వుంటది. తెల్ల కాగితం మీద సాదా బైనామా, లేకపోతే స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు. యింత అడ్వాన్సు. మిగతాది యెప్పుడూ రాదు. తెల్లారి కడీలు పాతి ఫెన్సింగు వేస్తారు. రెండేళ్లకు ఆఫీసు నుంచి నోటీసు వస్తది. యెవరికి? కొన్నోడికి కాదు, మనకు. “నువ్వు షరతు వుల్లంఘించినవు” అని. భూమి రద్దు. చట్టం ప్రకారం తిరిగి మనకే యియ్యాలి గదా అని అడిగితే, 2007లో తెచ్చిన సవరణ చూపిస్తారు. నోటిఫై చేసిన ప్రాంతాల్లో అట్లా వెనక్కి తీసుకున్న భూమిని ప్రజా ప్రయోజనానికి వాడుకోవచ్చని అందులో రాసుకున్నారు. అంటే భూమికి ధర లేని మారుమూల అయితే తిరిగి పేదోడికి. ధర వున్న పట్నం పక్కన అయితే సర్కారుకు. ఒకే చట్టానికి రెండు తక్కెళ్లు.

బ్రోకరు చెప్పిన మాటలో ఒక అబద్ధం వుంది, అది ప్రతి వాడలో చెప్పాలి. గుంజుకుంటే పైస రాదనేది అబద్ధం. ఒకప్పుడు అసైన్డ్ భూమికి ఎక్స్‌గ్రేషియా అని చేతిలో చిల్లర పెట్టేవాళ్లు. 2004 మార్చిలో మన హైకోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని తీసుకుంటే, పక్కన పట్టా భూమికి యెంత యిస్తారో అంతే యివ్వాలని. ఆ కేసు యెక్కడో దూరంది కాదు, మన రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్‌ది. పట్నం శివారులోనే పుట్టిన తీర్పు అది. యిరవై యేళ్లు దాటినా ఆ తీర్పు సంగతి వాడకు తెలియకుండా వుందంటే, తెలియకపోవడం వల్ల యెవరికి లాభమో ఆలోచించండి.

2013 భూసేకరణ చట్టం కూడా అసైన్డ్ పట్టాదారును బాధిత కుటుంబంలో లెక్కబెట్టింది. దాని లెక్క తెలుసుకోండి. మార్కెట్ ధర కట్టి, వూరు పట్నానికి యెంత దూరంలో వుందో చూసి ఒకటి నుంచి రెండు దాకా హెచ్చిస్తారు. దాని మీద మళ్లీ అంతే సొలేషియం. మార్కెట్ ధర పది లక్షలని తేలి, రెండుతో హెచ్చిస్తే యిరవై, సొలేషియంతో నలభై. పట్నం దగ్గర కాబట్టి ఒకటే అంటే మొత్తం యిరవై. అందుకే ఆ హెచ్చింపు నంబరు దగ్గర గట్టిగా నిలబడి అడగాలి. యింకో మడత పేచీ వుంది. అసైన్డ్ భూమికి అమ్మకాలే వుండవు, కాబట్టి దాని ధర తక్కువని రాస్తారు. అది చెల్లదు. అదే వూళ్లో, పక్క వూళ్లో పట్టా భూముల రిజిస్ట్రేషన్లు చూపించి ధర కట్టమనాలి. పట్నం కట్టడానికే భూమి తీసుకుంటే అభివృద్ధి చేసిన జాగాలో యిరవై శాతం భూమి పోయినోళ్ల కోసం కేటాయించి, సేకరణ ఖర్చు, అభివృద్ధి ఖర్చు మీద యివ్వాలని కూడా ఆ చట్టం రెండో షెడ్యూలులో వుంది. యిది యెవరైనా అధికారి మీకు నోటితో చెప్పాడా?

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. మనం యిరవయ్యా, నలభయ్యా అని లక్షల్లో కొట్లాడుతుంటే పట్నం కోట్లలో పాడుతున్నది. ఆ తేడాలోనే పట్నం పెరుగుదల అంతా వుంది.

పక్క రాష్ట్రంలో అమరావతి చూడండి. భూసమీకరణలో పట్టా మెట్ట భూమికి ఎకరానికి 1000 గజాల ఇంటి జాగా, 250 గజాల వ్యాపార జాగా అన్నారు. అసైన్డ్ భూమికి 2016లో జీవో యిస్తూ అంతకంటే తక్కువ పెట్టారు. రాజధాని కడుతూ కూడా రెండు గ్లాసుల పద్ధతే. భూమి లేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 పింఛను, పదేళ్లు అన్నారు. యివ్వకపోవడం కన్నా నయమే. కాని భూమి పోయినోడికి ప్లాటు, కూలి పోయినోడికి పింఛను! ప్లాటు ధర పెరిగినట్టు పింఛను పెరగదు.

భూమి వున్నోళ్ల సంగతే యింతసేపు మాట్లాడాం. వాడలో సగం మందికి సెంటు భూమి లేదు. పట్నం వచ్చినప్పుడు అందరికంటే ముందు మునిగేది వాళ్లే, ఆఖరికి కూడా లెక్కలోకి రానిది వాళ్లే. పొలం అమ్మినోడు పైసలు తీసుకొని పోతాడు. ఆ పొలంలో నాట్లేసిన ఆడోళ్లు, కలుపు తీసినోళ్లు, కౌలు చేసినోళ్లు యేం కావాలి? వంకాయ, టమాట, కొత్తిమీర, పాలకూర తెల్లారేసరికి పట్నానికి మోసేది మన అక్కలే. 1999లో రైతుబజార్లు పెట్టిన తర్వాత నాలుగు పైసలు చూసింది యీ శివారు వూళ్లే. ఆ మడులు ప్లాట్లు అయితే పట్నానికి ఆకుకూర లారీలో యెక్కడినుంచో వస్తది. మన అక్క అదే జాగాలో కట్టిన యింట్లో గిన్నెలు తోముతది. బంచరాయి పోతే మేకలు పోతాయి. చెరువు శిఖం పూడిస్తే చేపలు పోతాయి, పైగా మొదటి వాన నీళ్లు మన వాడలోకే వస్తాయి, యెందుకంటే వాడ యెప్పుడూ పల్లంలోనే పెట్టారు గదా.

2015 జులైలో తెలంగాణ సర్కారు 123 జీవో తెచ్చింది. 2013 చట్టాన్ని పక్కనబెట్టి భూమిని నేరుగా కొనే పద్ధతి. మెదక్ జిల్లాలో భూమి లేని కూలీలు కోర్టుకు పోయారు. భూమి అమ్మినోడికి సరే, మా కూలి సంగతేందని అడిగారు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశాడు. సర్కారు అప్పీలుకు పోయింది గాని, కూలీలకు కూడా ప్యాకేజీ అంటూ కొత్త జీవోలు తీయాల్సి వచ్చింది. మళ్లీ 2017లో రాష్ట్ర చట్టం సవరించి, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండా చేసుకునే వీలు పెట్టుకున్నారు. వాళ్లు చట్టాన్ని వదిలిపెట్టరు, యెప్పుడూ చెక్కుతూనే వుంటారు. మనమే ఒకసారి ధర్నా చేసి యింటికి పోతాం.

శ్మశానం గురించి మాట్లాడకపోతే యీ సభ అసంపూర్తి. మన బొందలగడ్డకు చాలా వూళ్లలో కాగితం లేదు. వాగు వొడ్డునో గుట్ట కిందనో తరాలుగా పూడ్చుకుంటున్నాం. లేఅవుట్ వస్తది. ప్రహరీ లేస్తది. బొందలగడ్డ లోపల పడకపోయినా దారి లోపల పడుతది. పీనుగను మోసుకొని పోతే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడు. ఆ సెక్యూరిటీ కూడా మన పిల్లగాడే, వాడి నౌకరీ వాడిది. కాలనీలో వాళ్లకు డప్పు చప్పుడు పడదు. బతికినన్నాళ్లు వూరికి ఆవల, సచ్చినంక గేటుకు ఆవల. మాస్టర్ ప్లాన్‌లో గోల్ఫ్ మైదానానికి జాగా గుర్తిస్తారు, మన బొందలగడ్డకు గుర్తు పెట్టరు. ప్రతి వూళ్లో సర్వే నంబరుతో సహా దాన్ని రికార్డుకు యెక్కించాలి. దారి కూడా యెక్కించాలి, దారి లేని శ్మశానం కాగితం మీద శ్మశానమే.

పట్నం చెత్త సంగతీ అంతే. జవహర్‌నగర్‌లో మూడు వందల ఎకరాలకు పైగా డంపింగ్ యార్డు. మొత్తం పట్నం చెత్త. చుట్టుపక్కల బోరు నీళ్లు తాగి చూడమనండి యీ ప్లాన్లు గీసేటోళ్లను.

యిప్పుడు మనలో మనకే వున్న ఒక వాదన. అమ్ముకునే హక్కు యివ్వాలని మన తమ్ముళ్లు కొందరు గట్టిగా అంటున్నారు. ఆంధ్రలో 2023లో చట్టం సవరించి, యిరవై యేళ్లు దాటిన అసైన్డ్ భూమికి ఆ హక్కు యిచ్చారు. తమ్ముళ్ల వాదనలో న్యాయం వుంది. రెడ్డిగారి భూమికి లేని సంకెల మన భూమికి యెందుకు? పక్కోడు అమ్మి కొడుకును అమెరికా పంపిస్తే మనం మాత్రం పవిత్రంగా సాగు చేసుకుంటూ కూర్చోవాలా? కాని పట్నం పక్కన అమ్ముకునే హక్కు అంటే, అప్పుల్లో వున్న రోజే అమ్ముకునే హక్కు. హక్కు వచ్చిన తెల్లారి బ్రోకరు అగ్రిమెంటుతో గుమ్మంలో వుంటాడు. పాత తెల్లకాగితాలన్నీ అప్పుడు పట్టాలవుతాయి. 1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో బాబాసాహెబ్ భూమి రాజ్యానిది కావాలి, కులం తేడా లేకుండా వూరి జనం కలిసి సాగు చేయాలి అన్నాడు. అంత దూరం పోయే రాజ్యం మనకు దొరకలేదు. సంఘంలో యీ విషయం మీద యింకా అందరిదీ ఒకే మాట కాలేదు. మెజారిటీగా మేమనుకుంటున్నది యిది: వారసులకు పూర్తి హక్కు, బ్యాంకు అప్పు, పట్టాతో సమానమైన పరిహారం, రంగు మార్చుకునే హక్కు యివన్నీ ముందు రావాలి. అమ్మకం గురించి ఆ తర్వాత, కూర్చొని, ఆడోళ్ల సంతకం లేకుండా అమ్మకం చెల్లదనే షరతుతో మాట్లాడుకుందాం.

యిక పనులు. మొదటిది కాగితం. లావణి పట్టా నకలు, పాత పహాణీలు తీయండి. ధరణి వచ్చినప్పుడు యెన్నో పేర్లు యెగిరిపోయాయి. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలుపెట్టారు, అంబేద్కర్ జయంతి రోజున. మంచిదే, ఆ పేరు చెప్పి అయినా అడుగుదాం. మీ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో వుందా, వుంటే యెవరి పేరు మీద, యే కారణంతో వుందో చూడండి. నీరడి, మస్కూరి, బలవుతా యినాం భూములు సాగు చేసుకుంటున్న కుటుంబాలు ఓఆర్‌సీ వచ్చిందో లేదో చూసుకోవాలి.

మాస్టర్ ప్లాన్ మారుస్తున్నప్పుడు, రంగు మారుస్తున్నప్పుడు అభ్యంతరాలు చెప్పమని ప్రకటన వేస్తారు. గడువు చిన్నది. వాడలో పేపరు చదివే పిల్లలు ఒకరిద్దరు ఆ ప్రకటనలు కత్తిరించి పెట్టాలి. అభ్యంతరం తెలుగులోనే రాయండి, రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు గాలిలో కలుస్తది. యివ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి.

భూసేకరణ నోటీసు వస్తే కూలీల జాబితా మనమే తయారు చేయాలి. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతికిన కూలీ, కౌలుదారు కుటుంబం కూడా బాధిత కుటుంబమే, అది 2013 చట్టంలోనే వుంది. వుపాధి హామీ కార్డు, రేషను కార్డు, వోటరు కార్డు జత చేయండి. గ్రామసభలో తీర్మానం రాయించేటప్పుడు ఖాళీ పుస్తకం మీద వేలిముద్ర వేయొద్దు. యేం రాశారో చదివించుకొని వేయండి.

పరిహారం చెక్కు యిచ్చే రోజు చాలా ముఖ్యం. తక్కువైందనిపిస్తే వద్దని వదిలేసి రావొద్దు, నోరు మూసుకొనీ తీసుకోవద్దు. “అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అని సంతకం పైన రాయండి. అట్లా రాయకుండా తీసుకుంటే యెక్కువ పరిహారం అడిగే దారి మూసుకుపోతది. అవార్డు రోజు మీరు అక్కడే వుంటే ఆరు వారాల్లోపల కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి, అథారిటీకి పంపమని. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. పండుగలు, పెళ్లిళ్లు అందులోనే వస్తాయి, చూసుకోండి.

వచ్చే పక్షం ఆదివారం బడి వరండాలో కూర్చుంటున్నాం. వూరికి యిద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, తమ వూరి అసైన్డ్ సర్వే నంబర్లు, బొందలగడ్డ నంబరు, కూలీ కుటుంబాల పేర్లు రాసుకొని రండి. మ్యాపు మేము తెస్తాం. నంబర్లు మీరు తెస్తే, యే వూరి మీద యే రంగు పడిందో ఆ రోజే కలిపి చూసుకుందాం.

జై భీమ్.